కళింగపట్నం ఒడ్డున

శ్రీకాకుళం వచ్చినవాళ్ళు అరసవల్లి సూర్యనారాయణస్వామిని, శ్రీకూర్మాన్ని చూసుకుని వెళ్ళిపోతుంటారు. ఈసారి కళింగపట్నం కూడా వెళ్ళిరండి. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. పాత రేవు ఊరు, లైట్‌హౌసు ఉంది. అలలు జోరెక్కువ, లోపలికి దిగకండేం!

క్రిందటేడు మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళాను. పురుడొచ్చి మూడు నెలలు. పిల్లాడు పడుకున్నా తనకి నిద్ర లేదు, ఊరికే కన్నీళ్ళు. బాలింతకి సముద్రగాలేమిటని చుట్టాలన్నా వినలేదు. ఇసుకలో కూర్చున్నాక మెల్లిగా అంది, "అమ్మా, వీణ్ణి ఎత్తుకుంటే ఎక్కడ జారిపోతాడోనని భయం. నేను మంచి తల్లిని కానేమో!"

నా గుండె గుభేలుమంది. విజయనగరంలో తను పుట్టినప్పుడు నేనూ ఇలాగే కుమిలిపోయాను. దిష్టి తీశారంతే. ఆ సంగతి ఆవేళే మొదటిసారి నోరు విప్పి చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

గాలి మనసుని తేలిక చేస్తుందిగానీ జబ్బు తగ్గించదు కదా! మర్నాడే డాక్టరుకి చూపించాం. కాన్పయ్యాక వచ్చే దిగులు చాలామందికి రెండు వారాల్లో పోతుంది. పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. కౌన్సెలింగుతో, మందులతో నయమవుతుంది. పాలిచ్చే తల్లికి పనికొచ్చే మందులూ ఉన్నాయి. 2022లో మొదలైన టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. తనకో బిడ్డకో హాని చేసుకునే ఆలోచనొస్తే మాత్రం ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మొన్న మళ్ళీ వెళ్ళాం. అలల్ని చూసి మనవడు కేరింతలు. వాణ్ణి ఎత్తుకున్నది వాళ్ళమ్మే!