గాల్‌బ్లాడర్ అని చెప్పాం

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి వరండాలో మా మేనత్త కూర్చుని ఉంది. "గాల్‌బ్లాడర్‌కి నాలుగు చిల్లులు పెడతారటగా. మా తోటికోడలికీ అంతే," అంది. మా ఆయన నా వంక చూడకుండా బ్యాగు లోపలికి పట్టుకుపోయాడు. ఆ అబద్ధం ఆయన ఆలోచనే. నాకూ అదే హాయిగా ఉంటుందనిపించింది. అయితే నా పొట్ట మీద ఉన్నవి ఐదు చిల్లులు. ఆవిడ లెక్కపెడుతుందేమోనని పది రోజులు చీర కుచ్చిళ్ళు పైకి కట్టుకున్నాను.

నిజం చెబితే "ఇంత మాత్రానికి ఆపరేషనా?" అంటారని భయం. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, అప్పటి బరువు 76 కిలోలు, బి.ఎం.ఐ. 31.6. నాకంటే లావుగా ఉన్నవాళ్ళు మా వీధిలోనే పదిమంది ఉన్నారు. కానీ నాకు ఎనిమిదేళ్ళుగా షుగరు, మూడేళ్ళుగా ఇన్సులిన్. అమ్మ ఎప్పుడూ లావు మనిషి కాదు. అయినా షుగరుతో కిడ్నీలు పోయి, డయాలసిస్ మంచం మీద 59 ఏళ్ళకే వెళ్ళిపోయింది.

మనవాళ్ళ ఒళ్ళు బరువుతో సమంగా నడవదు. పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోలు పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. ఆసియా వాళ్ళకి 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో సర్జన్ల సంఘాలు చెప్పాయి. ఇన్సూరెన్స్ షరతుల్లో మాత్రం ఇంకా 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో కనీసం 35. అంటే నేను డాక్టరు లెక్కలో రోగిని, కంపెనీ లెక్కలో కాదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టాం.

నాకు చేసింది స్లీవ్. పొట్టలో ముప్పావు వంతు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలా సన్నగా ఉంచుతారు. మొదటి రెండు వారాలు ద్రవాలే. మందు సీసా మూతతో కొలుచుకుని పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, ప్రొటీన్ పౌడరు. గుక్కకీ గుక్కకీ మధ్య గడియారం చూసుకోవడం. ఆకలి వేయలేదు, అదే విచిత్రం. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగమే పోయిందట. కానీ పక్కింట్లో ఇంగువ తాలింపు వేస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆకలి వేరు, తినాలనిపించడం వేరు అని నలభై నాలుగేళ్ళకి తెలిసింది.

ఐదో వారంలో మెత్తగా పిసికిన పెరుగన్నం తొందరపడి రెండో ముద్ద పెట్టుకున్నాను. గుండెల మధ్య రాయి పడ్డట్టయింది. వాష్‌బేసిన్ పట్టుకుని అరగంట నిలబడ్డాను. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. విస్తరి పక్కన గ్లాసు లేకుండా అన్నం తినడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. గ్లాసు పెట్టుకుంటాను, ముట్టుకోను.

నాలుగో నెలలో జుట్టు దువ్వెన నిండా వచ్చేది. మళ్ళీ వస్తుందన్నారు, వచ్చింది, కొంత. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి బతికున్నంతకాలం. తొందరగా బరువు తగ్గితే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు వస్తాయని ఆరు నెలలు వేరే మాత్రలు ఇచ్చారు. ఆ చీటీ చూసి మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చెకప్‌కి వెళ్తే హాల్లో యాభై, అరవై కిలోలు తగ్గినవాళ్ళు పాత ఫొటోలు చూపించుకుంటారు. నేను ఏడాదిలో తగ్గింది పదిహేను. నా బరువుకి అంతకంటే ఎక్కువ తగ్గకూడదు కూడా. నన్నెవరూ ఫొటో అడగలేదు. బయటేమో ముఖం పీక్కుపోయిందని "షుగరు ముదిరిందా?" అని అడిగేవారు. తగ్గిందే షుగరు! మూడు నెలల సగటు 9.4 నుంచి 6.3కి వచ్చింది. ఇన్సులిన్ ఆగింది, ఒక మాత్ర మిగిలింది. ఇన్నేళ్ళ షుగరు పూర్తిగా పోతుందని చెప్పలేనని, పోయినా మళ్ళీ రావచ్చని డాక్టరు ముందే అన్నారు. ఆ మాట దాచకుండా చెప్పారు కాబట్టే నమ్మాను.

మొన్న ఒక పెళ్ళిలో బంతిలో మా మేనత్త నా పక్కనే కూర్చుంది. నా విస్తరిలో రెండు చెంచాల పులిహోర చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. చేయి కడుక్కునేటప్పుడు మెల్లగా, "ఆ గాల్‌బ్లాడర్ డాక్టరు నంబరివ్వవే. మీ వదినకి ఇన్సులిన్ పెట్టారు," అంది.

అమ్మ దగ్గర ఆసుపత్రిలో రాత్రుళ్ళు కూర్చున్నది ఆవిడే. విడిదిలో ఒక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. మొత్తం చెప్పాను, ఐదు చిల్లుల దగ్గర నుంచి గాజుల దాకా. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను.

"ఆవకాయ తినొచ్చా?" అంది.

"కొన్నాళ్ళు పోయాక. ఒక ముద్ద."

"ఒక్కటేనా," అని కాసేపు కూర్చుని, కొంగున కట్టుకున్న కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "రాసివ్వు," అంది.