ఆరో తరగతి లిస్టు తీద్దాం

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

'జాను' సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. 2020 ఫిబ్రవరి 7న వచ్చింది, శర్వానంద్, సమంత. 2018లో విజయ్ సేతుపతి, త్రిషతో తమిళంలో వచ్చిన '96' కథే అది. రెండింటికీ డైరెక్టర్ సి. ప్రేమ్ కుమార్. డైరెక్టర్ కాకముందు ఆయన కెమెరామెన్. తెలుగులోకి వచ్చేసరికి తంజావూరు బడి వైజాగ్ బడి అయింది. పాత క్లాసోళ్లు కలుసుకునేది చెన్నైలో కాకుండా హైదరాబాద్‌లో అయింది. సంగీతం మాత్రం గోవింద్ వసంతదే ఉంచారు. బడిలో చదివే జానుగా వేసిన గౌరీ కిషన్‌ను కూడా మార్చలేదు.

మా బ్యాచ్ గెట్ టుగెదర్ మాట ఎత్తినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఈ సినిమా పేరే. మాది సర్కారు గిరిజన హాస్టల్ బడి. యానాదులు, ఎరుకలు, సుగాలీలు, నక్కలోళ్లు అందరం ఒకే వరండాలో వరసగా పండుకున్నోళ్లం. ఒకడు తిరుపతిలో ఏసీ హాలు అంటాడు. ఇంకొకడు అందరికీ ఒకే రంగు టీషర్టు అంటాడు. నీలమా, మెరూనా అని మూడు రోజులు కొట్లాట. "బిర్యానీ వద్దబ్బా, హాస్టల్ సాంబారే పెట్టిద్దాం, పప్పు దొరికినోళ్లకు ప్రైజు" అని ఒకామె. "నువ్వు శర్వానంద్ అయితే నేను సమంతనా? పోరా, నాకిద్దరు పిల్లోళ్లు" అని ఇంకొకామె వాయిస్ మెసేజ్. నవ్వలేక చచ్చినాం.

ఆ తర్వాత ఒకరు పదో తరగతి గ్రూప్ ఫోటో పెట్టి, "ఇదే మన లిస్టు" అన్నారు. ఫోటోలో 26 మంది. కింద ఒక మెసేజ్ వచ్చింది: "ఆరులో చేరింది 41 మంది గదా. తక్కినోళ్లు యాడుండారు?" ఆ రాత్రి గ్రూపులో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ సినిమా కథ కూడా నిలబడింది దీని మీదే గదా. సెలవులు అయిపోయి బడి తెరిస్తే రామ్ రాలేదు. అప్పుల వల్ల కుటుంబం రాత్రికి రాత్రే ఊరు విడిచిపోయింది. జాను తలుపు వైపే చూస్తా కూర్చుంటుంది. ఏళ్లు గడిచినాక అతను కెమెరా పట్టుకుని పాత బడికి వస్తాడు, అందరూ కలుస్తారు. సినిమాలో వెనక్కి వచ్చినాడు. మా హాస్టల్లో ఖాళీ అయిన చాపల మీదికి ఎవరూ రాలేదు.

సంక్రాంతికి ఇంటికి పోయి కొందరు అట్నే ఆగిపోయినారు. నాయన ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకుంటే ఇల్లంతా బట్టీకాడికే. ఒకరికి ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, కుల ధ్రువీకరణకు తిరిగి తిరిగి విసిగి మానుకున్నారు. ఒక పిల్లకు తొమ్మిదిలోనే పెండ్లి. హాజరు పిలిచేటప్పుడు కొన్నాళ్లు వాళ్ల పేర్లు వినపడేవి, తర్వాత అవీ పోయినాయి.

పాత కథలే అనుకోకండి. 2025 మే నెలలో మనమందరం పేపర్లలో చదివినాం. కుటుంబం అప్పుకు తాకట్టుగా బాతులు మేపడానికి పెట్టుకున్న మన తిరుపతి జిల్లా యానాది బిడ్డ, తొమ్మిదేళ్లోడు. వాడి శవం కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిపెట్టి ఉండగా దొరికింది. వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆ బిడ్డ పేరు కూడా ఏదో ఒక బడి లిస్టులో ఉండాల్సిందే గదా.

అందుకే మావాళ్లంతా కలిసి కొన్ని అనుకున్నాం. లిస్టు ఆరో తరగతిది. ఒక్కొక్కరికి ఒక్కో పేరు, వెతికే పని వాళ్లది. తేదీ సంక్రాంతికి కాదు, వానలకు బట్టీలు ఆగి మనుషులు ఊళ్లకు చేరినప్పుడు. ఏసీ హాలు లేదు, టీషర్టు లేదు. ఆ డబ్బు బస్సు ఛార్జీలకు, ఒక రోజు కూలి పోయినోళ్ల కూలికి. "ఇప్పుడేం చేస్తాండావు?" అని ఎవరూ ముందుగా అడగకూడదు. ఇది కూడా మెసేజ్ పెట్టి పిన్ చేసినాం.

ఇంకొక ఆశ ఉంది. 'సినిమా బండి' గుర్తుందా? ప్రవీణ్ కండ్రేగుల తీసింది, 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆంధ్రా కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవర్‌కు తన ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. పెండ్లి ఫోటోలు తీసేవాడిని, మంగలి షాపతన్ని, కూరగాయలమ్మే ఆమెను కూడేసి సినిమా మొదలుపెడతాడు. కడుపుబ్బా నవ్వినాం, ఎందుకంటే ఆ యాస మన పలమనేరు, కుప్పం వైపు మాటలకు దగ్గర. మా దగ్గర మరిచిపోయిన కెమెరా లేదు గానీ ఫోన్లు ఉన్నాయి. వెతకబోయిన ప్రతిసారీ, వాళ్లు ఒప్పుకుంటేనే, రెండు నిమిషాలు తీద్దామనుకుంటున్నాం. వద్దంటే ఫోన్ జేబులోనే ఉంటుంది.

ఇప్పటికి 15 మందిలో ఆరుగురి జాడ తెలిసింది. ఒకాయన సూళ్లూరుపేట వైపు రొయ్యల గుంటల కాడ ఉండాడు. ఫోన్ చేస్తే మొదట నమ్మలేదు. తర్వాత "నా ట్రంకు పెట్టె ఇంకా హాస్టల్లోనే ఉందా?" అని అడిగినాడు.

మీ బడుల్లోనూ ఇట్లాంటి లిస్టు ఉంటుంది. పదో తరగతిది కాదు, చేరినప్పటిది తీయండి. ఎంతమంది తక్కువ వచ్చారో కింద కామెంట్లో రాయండి.