గడువు ముగిసినా హక్కు ముగియదు

మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఇతర అమ్మకందారుల సరుకుకు వేదికగా మాత్రమే ఉండే ఆన్‌లైన్ అంగడిలో, రిటర్న్ గడువు సాధారణంగా వస్తువు ఇంటికి చేరిన రోజు నుంచే నడుస్తుంది కనుక, పండుగ తగ్గింపులో కొని అటకెక్కించిన మిక్సీ తొలిసారి తిరిగేనాటికే అది దాటిపోవచ్చు.

తెరపై రిటర్న్ బటన్ మాయమైతే హక్కూ పోయిందనుకొని చాలామంది ఊరుకుంటారు.

అయితే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. వేదిక నియమించిన ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

అదీ జరగకపోతే 1915 హెల్ప్‌లైన్ ఉంది. ఆపైన, వివాదకారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

గడువు దాటాక కూడా డబ్బు రాబట్టుకున్నవారు ఆ అనుభవాన్ని కామెంట్లలో పంచుకుంటే, మరికొందరికి దారి దొరుకుతుంది.