తొమ్మిదికీ పదకొండుకీ నడుమ

30 నవంబర్ 2024, కాగజ్‌నగర్

నిన్న గన్నారం దగ్గర పత్తి ఏరబోయిన ఆడమనిషిని పులి చంపింది. ఇయ్యాల సిర్పూర్ (టి) దిక్కు ఒక రైతు మీద పడ్డది, ఆయన బతికి బయటపడ్డడు. పొద్దెక్కినంకనే చేన్లకు పోవాలె, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె అని ఊరూరా చెప్తున్నరు. 2020లో దిగిడ, కొండపల్లిల పులి మనుషులను చంపింది కూడ నవంబర్‌లనే. మహారాష్ట్ర తడోబ నుంచి వచ్చే పులులకు మా అడవే తొవ్వ.

బామ్మర్ది, నేను చీకటితోనే లేచి సైకిళ్లు తొక్కే రోడ్డు కూడ అటే. మా ఆవిడ ఇద్దరి హెల్మెట్లు తీసి అల్మారల పెట్టి తాళమేసింది. తమ్ముడని వానికి మినహాయింపు ఇయ్యలే.

1 డిసెంబర్, ఆదివారం

చెరిసగం పైసలేసుకొని హైదరాబాద్‌ల ఒక సాఫ్ట్‌వేర్ పిలగాని దగ్గర ఇంట్లనే సైకిల్ తొక్కేటందుకు సెకండ్‌హ్యాండ్ ట్రైనర్ కొన్నం. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌ల కాళ్ల కాడ పెట్టుకొని తెచ్చినం. వెనక చక్రం తీసేసి సైకిల్‌ను నేరుగ దానికే బిగించే రకం. వెనక టైరును రోలర్‌కు ఆనించే రకం అగ్గువకొస్తుండె, గేర్ల గొడవ కూడ ఉండదు. కాని అది టైరును తింటది. సైకిల్ మార్చినప్పుడల్ల గాలి, రోలర్ బిగువు మళ్లీ చూసుకోవాలె.

బామ్మర్దిది డిస్క్ బ్రేకుల కొత్త బండి. వెనక ఇరుసు 142 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల లావు, మర పెట్టి తిప్పేది. నాది పాతది, రిమ్ బ్రేకులు, 130 వెడల్పు, మీట తిప్పితే ఊడే రకం. ఈ తేడాకు భయపడ్డం గని అదేం లెక్కలేదు. ట్రైనర్‌తోనే ఇచ్చిన ఎండ్ క్యాపులు మారిస్తే రెండూ కూసున్నయి. రెంటికీ 700 చక్రాలే కాబట్టి ఎత్తు సరిచేసే పని కూడ లేదు.

2 డిసెంబర్

అసలు పంచాయితీ క్యాసెట్‌ది, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తిది. ట్రైనర్ మీద ఉన్నది పదకొండు గేర్లది, బామ్మర్ది బండిది కూడ అంతే. నాది తొమ్మిది గేర్ల బండి.

షిమానో లెక్కల తొమ్మిదింటి క్యాసెట్‌ల ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి 4.34 మిల్లీమీటర్ల దూరం. పదకొండింటిల 3.74. అంటే నా లీవర్ ఒక క్లిక్‌కు 0.6 ఎక్కువ గుంజుతది. మొదటి గేరు బాగనే పడ్డది. రెండోది కిరకిరలాడింది. మూడో క్లిక్‌కు తేడా 1.8 అయి, చైను రెండు చక్రాల నడుమ ఎటూ గాకుండ నిలబడ్డది. దాని మీద నా చైను పదకొండింటి చైను కన్న లావు, పక్క చక్రానికి రాసుకుంటది.

"బావా, నీ బండి అమ్మేయరాదు" అన్నడు. ఈ మాట వాడు ఎప్పటిసంది అందామని చూస్తున్నడో!

4 డిసెంబర్

అటవీశాఖోళ్లు పత్తి ఏరేటోళ్లకు మనిషి మొహం మాస్కులు పంచుతున్నరు. తల వెనక పెట్టుకోవాలె. పులి వెనక నుంచే మీద పడ్తది, మొహం కనబడితే జంకుతదని. సుందర్బన్స్‌ల 1980ల నాడే ఈ ఉపాయం చేసిన్రు. మేం ఇంట్ల ఫ్యాన్ కింద తొక్కుకుంట పులి పేరు చెప్పుకుంటున్నం. పత్తి ఏరేటోళ్లకు ఇంట్ల కూసునే వీలు లేదు.

5 డిసెంబర్

డిస్క్ బండి వెనక చక్రం తీసినంక ఎవ్వరూ బ్రేక్ పట్టొద్దు. నడుమ రోటర్ ఉండదు కాబట్టి ప్యాడ్లు దగ్గరకొచ్చి కరుసుకుంటయి. మళ్లీ వాటిని విడదీయాలంటే పల్చటి రేకు దూర్చి, పిస్టన్లను మెల్లగ వెనక్కి నెట్టాలె. మా చిన్నోడు ఎవరి సైకిల్ కనబడ్డా ముందు బ్రేకే పడ్తడు. అందుకని మందుల డబ్బా అట్ట రెండు మడతలు పెట్టి ప్యాడ్ల నడుమ దూర్చినం. పైసా ఖర్చు లేదు.

8 డిసెంబర్, ఆదివారం

బజార్ల సైకిల్ మిస్త్రీ దగ్గర క్యాసెట్ మార్చుడు నేర్చుకున్నం. ఒక చేత్తోటి పాత చైను ముక్క చుట్టి క్యాసెట్‌ను కదలకుండ ఆపాలె, రెండో చేత్తోటి లాక్‌రింగ్ తిప్పాలె. తొమ్మిదింటి క్యాసెట్ పదకొండింటి హబ్ మీద ఎక్కియ్యాలంటే దాని కింద 1.85 మిల్లీమీటర్ల వాషర్ పడాలె. అది లేకుంటే ఎంత బిగించినా క్యాసెట్ లొటలొటలాడ్తది. బిగింపు 40 న్యూటన్ మీటర్లు అని లాక్‌రింగ్ మీదనే అచ్చేసి ఉంటది. మిస్త్రీ టార్క్ రెంచి వాడడు, "కటకట అనెదాక తిప్పు" అన్నడు.

పద్ధతి సరైందే. కాని పొద్దున నాకోసం ఒకసారి, సాయంత్రం వానికోసం ఒకసారి విప్పి బిగించే ఓపిక ఎవరికున్నది? ఇగ రోజు విడిచి రోజు అనుకున్నం.

9 డిసెంబర్

సరిగ్గ 2020ల ఇదే రోజు ఇంట్ల తొక్కే సైక్లింగ్‌కు మొదటి ప్రపంచ పోటీ పెట్టిన్రు. మగవాళ్లల్ల గెలిచింది జేసన్ ఆస్‌బోర్న్ అనే జర్మన్, అసలుకు పడవ తెడ్డేసేటోడు. బామ్మర్ది నాకు ఇది మూడుమార్లు చెప్పిండు. మేమిద్దరం గోదావరిల కూడ తెడ్డు పట్టినోళ్లం కాదు.

12 డిసెంబర్

నేను తొక్కంగ ట్రైనర్ యాప్‌ల గుట్ట ఇంత బరువెందుకని చూస్తే, దాంట్ల బామ్మర్ది పేరే ఉన్నది. వాడు నాకన్న ఇరవై కిలోలు ఎక్కువ. ఎక్కుడు దారి వచ్చినప్పుడు ట్రైనర్ ఆ బరువు లెక్కనే బిగుస్తది. అంటే వాని కడుపును నేను గుట్ట ఎక్కిచ్చిన్నన్నట్టు.

15 డిసెంబర్, ఆదివారం

చలి ముదిరింది. సిర్పూర్ (యు)ల ఒక్క అంకెకు దిగింది. ఇంట్ల మాత్రం చెమట ధార కడ్తున్నది. ఈ చెమట ఉప్పు హ్యాండిల్ బోల్టులను తుప్పు పట్టిస్తది, అందుకే పాత తువ్వాల అడ్డం కప్పుతున్నం.

మధ్యల కరెంటు పోయింది. ట్రైనర్ పట్టు వదిలేసింది, పెడళ్లు ఖాళీ గిలక లెక్క తిరిగినయి.

19 డిసెంబర్

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉన్నది, పైన సోలార్ పలకల కప్పు. 2023 అక్టోబర్‌ల తెరిచిన్రు. ఎండ తగలదు, వాన తగలదు. మాకు అట్లాంటిది కట్టమని ఎవరం అడుగం. సైకిల్ ట్రాక్ కన్న ముందు మా చేన్ల తొవ్వలకు లైట్లు రావాలె.

22 డిసెంబర్, ఆదివారం

బామ్మర్ది మేనత్త కొడుకు డల్లాస్ నుంచి వస్తూ జ్విఫ్ట్ కాగ్ తెచ్చిండు. క్యాసెట్ తీసేసి దాని జాగల ఒకే ఒక చక్రం, 14 పళ్లది, పెట్టుడే. ఎనిమిది నుంచి పన్నెండు గేర్ల దాకా ఏ చైనైనా పడ్తది, ఎందుకంటే రాసుకునేటందుకు పక్క చక్రమే లేదు. గేర్లు మార్చేది చైను కాదు, ట్రైనరే. హ్యాండిల్‌కు తగిలించిన చిన్న బటన్ నొక్కితే లోపల బిగువు మారుతది. ఇది అన్ని ట్రైనర్లకు పనిచెయ్యది, మాదానికి చేస్తదని ముందే చూసుకున్నం.

బండి పెట్టంగనే ఒక్క పని మిగుల్తది. వెనక గేరును కాగ్‌కు సూటిగ ఉండేటట్టు పెట్టి, కేబుల్ దగ్గరి బ్యారెల్‌ను కొంచెం అటిటు తిప్పాలె. నా బండికి ఎంత తిప్పాల్నో, వానిదానికి ఎంత తిప్పాల్నో గోడ మీద పెన్సిల్‌తోటి రాసి పెట్టినం. రోడ్డు మీదికి పోయే ముందు అంతే వెనక్కి తిప్పుడు.

రోడ్డు మీద గేర్లు మార్చే ఆ కటక్ కటక్ సుఖం ఇందుల లేదు. నాకు అది నచ్చలే. బామ్మర్దికి నచ్చింది.

31 డిసెంబర్

ఇద్దరి బండ్లకు గేర్ల లెక్క ఒక్కటే ఉంటే ఇవన్ని అక్కర్లేకుండె. ఇంట్ల రెండు సైకిళ్లు పెట్టుకొని ఒక్క ట్రైనర్ కొందామనుకునేటోళ్లు ముందు వెనక పళ్ల చక్రాలు లెక్కపెట్టుకోండి, ఇరుసు సంగతి తర్వాత. పదకొండు గేర్ల క్యాసెట్ ఒకటి, అంతగ అరగనిది, మా దగ్గర అమ్మకానికి ఉన్నది. 1.85 వాషర్ ఊరికెనే ఇస్తం.