గండికోటలో రెండు నిమిషాలు

సంక్రాంతి వెళ్ళిన వారంలోనే అమావాస్య పడింది. మా బావమరిది కారు, నా కెమెరా, ఇద్దరికీ రెండు రోజుల సెలవు. తెల్లవారుజామున హైదరాబాదులో బయల్దేరి కర్నూలు దాటి, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఆ దారంతా నల్లరేగడిలో శనగ చేలు. అక్కణ్ణుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు.

అందరూ పెన్న లోయ చూడ్డానికి వస్తారు. మేమూ చూశాం, ఓ పది నిమిషాలు. నా కళ్ళు మాత్రం పడమటి మబ్బుతునక మీదే ఉన్నాయి. అది కరిగిపోయాక గానీ టీ రుచి తెలియలేదు.

కోట బయట బీడులో స్టాండు వేశాను. 2011లో మార్కెట్లోకి వచ్చిన కెనాన్ 600డీ, సెకండ్‌హ్యాండులో కొన్నది. దానికి 135 మిల్లీమీటర్ల లెన్సు. కింద, భూమి తిరిగే వేగాన్ని సరిచేస్తూ చుక్కల వెంట నెమ్మదిగా తిరిగే ట్రాకరు. ఆరు నెలలుగా మా డాబా మీద సాధన చేసి నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క ఒకటుంది: ఐఎస్ఓ 800, ఎఫ్ 2.8, ముప్పై సెకన్లు. నగరంలోనే ఇంత బాగా వస్తుంటే ఇక్కడ ఇంకెంత బాగా వస్తుందోనని నా ధీమా.

ఏడున్నరకు కృత్తికలు దాదాపు నడినెత్తిన ఉన్నాయి. మొదటి ఫ్రేము తీశాను. తెర మీద నలుపు, అందులో నాలుగు చుక్కలు. హిస్టోగ్రామ్ గుట్ట మొత్తం ఎడమ గోడకు అతుక్కుపోయింది. లెన్సు మూత తీశానో లేదోనని తడిమి చూసుకున్నాను కూడా.

డాబా మీద ఆ గుట్టను మధ్యకు తోసింది చుక్కలు కావు, వీధిదీపాలు. ఈ సంగతి ఆరు నెలల్లో నాకు ఒక్కసారీ తట్టలేదు. కెమెరా ఒక్కో ఫ్రేమును చదివిన ప్రతిసారీ తన వంతుగా కాస్త రొదను అందులో కలుపుతుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఆ రొదను మింగేసేంత చేరేదాకా షట్టరు తెరిచి ఉంచాలి. నగరంలో అర నిమిషంలో చేరిపోతుంది. అసలు చీకటి ఉన్నచోట నిమిషాలు పడుతుంది. మంచి ఆకాశం కింద తక్కువసేపు చాలనుకున్నాను, వ్యవహారం సరిగ్గా తిరగబడింది.

అప్పటికి ఇంత ఆలోచన లేదు. కంగారులో ఐఎస్ఓ 6400కి తిప్పేశాను. అదే ముప్పై సెకన్లు. తెర వెలిగిపోయింది. కృత్తికల చుట్టూ నీలిపొగ కూడా లీలగా కనబడింది. ముప్పై ఫ్రేములు వరసగా లాగించి, ఫ్లాస్కులో టీ పోసుకుంటుంటే మా బావమరిది అడిగాడు.

"బావా, ఆ నంబరు పెంచితే లోపలికి వెలుతురు ఎక్కువొస్తుందా?"

అవునని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రాదు. వాన కింద చెంబు పెట్టామనుకోండి, నీళ్ళు చేరేది చెంబు మూతిని బట్టి, ఉంచిన సేపును బట్టి. ఐఎస్ఓ పట్టిన నీళ్ళ మీద ఆనక పెట్టే భూతద్దం లాంటిది. 6400 దగ్గర ముప్పై సెకన్లు తీసినా, 1600 దగ్గర రెండు నిమిషాలు తీసినా తెర మీద బొమ్మ ఒకేలా ఉంటుంది, హిస్టోగ్రామ్ గుట్ట ఒకేచోట నిలబడుతుంది. కానీ మొదటిదాంట్లో ఉన్నది రెండోదాంట్లోని వెలుగులో నాలుగో వంతే. ఆ చిన్న తెరను నమ్ముకునే పావుగంట పారేసుకున్నాను.

మా ఊళ్ళోనే, బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ ఆకాశపటం కోసం గాజు పలకల మీద చుక్కల ఫోటోలు తీశారు. ఆ పలకకు తిప్పే మీట లేదు. దాని సున్నితత్వం తయారైన రోజే ఖాయం. వాళ్ళ చేతిలో ఉన్నది కాలం ఒక్కటే. మీట ఉండటం వల్లే నాకీ తిప్పలు.

అయితే ఐఎస్ఓ 100 పెట్టుకుంటే పోలేదా అంటే, నా పాత కెనాన్‌తో అదీ కుదరదు. కింది అంకెల దగ్గర దీని రొద ఎక్కువ, 1600 చేరేసరికి సద్దుమణుగుతుంది. అక్కణ్ణుంచి పైకి పోతే లాభం పెద్దగా లేదు, పైగా అంకె రెట్టింపైన ప్రతిసారీ కాంతివంతమైన చుక్కలు రంగు కోల్పోయి తెల్లగా పొంగిపోయే హద్దు సగానికి సగం దగ్గరవుతుంది. నికాన్ డీ5300 లాంటివి ఉన్నవాళ్ళు 200, 400 దగ్గరే హాయిగా తీసుకుంటారు. ఆ అంకెలు నాకు పనికిరావు, నావి వాళ్ళకు పనికిరావు.

1600కి దిగాను. మూడు నిమిషాలు తీస్తే చుక్కలు బియ్యపుగింజల్లా సాగాయి. తప్పు ట్రాకరుది కాదు. దాని ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టాలి, గండికోటలో ధ్రువుడేమో దిగంతం నుంచి పదిహేను డిగ్రీల ఎత్తులోనే, మంచుతెర వెనక మినుకుమినుకుమంటుంటాడు. ఎంత సరిచేసినా వెంట్రుకవాసి తేడా మిగిలింది. రెండు నిమిషాలకు తగ్గిస్తే చుక్కలు గుండ్రంగా నిలిచాయి. గుట్ట ఎడమ గోడ వదిలి పావువంతు దూరం జరిగింది. చాలు.

కృత్తికలకు ముప్పై ఫ్రేములు, గంట. ఆ వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 440 ఏళ్ళు. అప్పటికి ఈ కోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉంది, మీర్ జుమ్లా రావడానికి ఇంకా అరవై ఏళ్ళ పైచిలుకు వ్యవధి ఉంది. మా బావమరిదికి ఇది చెబితే, "అయితే పాత స్టాకు" అన్నాడు.

మృగశిర వైపు తిప్పాక, పదకొండింటప్పుడు, ఒక ఫ్రేము మధ్యలో టార్చిలైటు నేరుగా లెన్సు మీద పడింది. శనగ చేనుకు కాపలా ఉన్న పెద్దాయన, అడవి పందుల కోసం తిరుగుతున్నాడట.

"ఈ చలిలో ఏం చేచ్చాండారు సారూ?"

"చుక్కల ఫోటో తీస్తున్నాం పెద్దాయనా. కాస్త ఆ లైటు..."

వెంటనే ఆర్పి, తల పైకెత్తాడు. "అది పిల్లలకోడి. ఇవి గొర్రుకొయ్యలు. మా చిన్నప్పుడు నీళ్ళు కట్టేదానికి వీటిని చూసే లేచ్చాంటిమి." కాసేపు నా వెనకే నిలబడి, "మా మనవడి సెల్లులో టక్కున పడతాది ఫోటో. మీకింతసేపేంది?" అన్నాడు. రెండు నిమిషాల ఫ్రేము చూపించాను. గొర్రుకొయ్యల కింద గులాబిరంగు మేఘం చూసి, నమ్మలేనట్టు మళ్ళీ పైకి చూశాడు.

ఆ మేఘం నడిబొడ్డు తెల్లగా మాడిపోయిందని ఆయనకు చెప్పలేదు. దానికి 1600 మీదే ఐదేసి సెకన్లవి ఇరవై తీసుకున్నాను, ఇంటికెళ్ళాక అతికించడానికి.

ఒకటిన్నరకు లెన్సు మంచు పట్టి మసకబారింది. వేడిపట్టీ ఉంది గానీ దానికి కరెంటిచ్చే పవర్‌బ్యాంకును దారిలో నా ఫోను మింగేసింది. ఆకాశం పని అక్కడితో సరి.

మిగిలింది డార్క్ ఫ్రేములు. లెన్సుకు మూత పెట్టి, అదే 1600, అదే రెండు నిమిషాలు. సెన్సరు వేడికి పుట్టే మచ్చలు వీటిలో విడిగా దొరుకుతాయి, తర్వాత అసలు ఫోటోల్లోంచి తీసివేయొచ్చు. ఇదే చలిలో తీయాలి, హైదరాబాదు వెళ్ళాక తీద్దామంటే కుదరదు. మొత్తం ఇరవై.

ఆరో ఫ్రేము నడుస్తుండగా పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి టార్చి ముందే ఆర్పేసి, చీకట్లో తడుముకుంటూ దగ్గరికొచ్చి, వంగి కెమెరా ముఖంలోకి చూశాడు. మమ్మల్ని నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు.

"సారూ, మూత తీయల్యా మీరు."

ఇంకా పద్నాలుగు ఫ్రేములున్నాయి.