సంకరం అంటే చెడిపోయింది కాదు: మన వాగు ఒడ్డు హంసపాది చెప్పే మాట



మా యాడిది బాన్సువాడ దగ్గర తండా. నాయినది వేరే కులం. "నువ్వు సంకరం, అసలైన లంబాడీవి కాదు" అనే మాట హాస్టల్లో చాలాసార్లు విన్న. బీఎస్సీలో బాటనీ చదువుతుంటే ఆ మాట ఎంత తప్పో ఒక మొక్క చూపించింది.

వానకాలం వాగు ఒడ్డు రాళ్ల సందుల్లో, పాత బావి గోడల మీద ఒక ఫెర్న్ మొలుస్తది. ఆకులు సగం చందమామ లెక్క, కాడ నల్లగ మెరుస్తది. ఆయుర్వేదంలో హంసపాది అంటరు. శాస్త్రీయ నామం అడియాంటం ఫిలిప్పెన్స్. పువ్వు లేదు, కాయ లేదు. ఆకు అంచు మడత కింద సిద్ధబీజాలు ఉంటయి.

అడియాంటంలో ఒక సెట్టుకు 30 క్రోమోజోములు. రెండు సెట్లయితే 60. కానీ మన దేశంలో మూడు సెట్లు, అంటే 90 క్రోమోజోములు ఉన్న హంసపాదులు కూడా ఉన్నయి. మూడు సెట్లకు జతలు సరిగ కుదరవు. లెక్క ప్రకారం సిద్ధబీజాలు పాడైపోవాలి, వంశం ఆగిపోవాలి. ఆగలేదు! క్రోమోజోములను సగం చేయకుండనే సిద్ధబీజం తయారు చేసుకుంటది. అందులోంచి ఫలదీకరణ లేకుండనే కొత్త మొక్క వస్తది. పైగా ఆకు కొస నేలకు తగిలితే అక్కడ కూడా వేరు దిగుతది.

ఫెర్నులకు ఇంకో దారి ఉంది. రెండు జాతులు కలిసి పుట్టిన మొక్క మొదట గొడ్డుది. క్రోమోజోములు రెట్టింపైతే జతలు కుదురుతయి, కొత్త జాతి నిలబడతది. ఐరీన్ మాంటన్ 1950లో అచ్చువేసిన పుస్తకంలో ఫెర్నుల క్రోమోజోములు లెక్కబెట్టి ఇలాంటి చుట్టరికాలు వివరించింది. యూరప్ అడవుల్లో బాగా తెలిసిన మేల్ ఫెర్న్ అట్ల పుట్టిందే. మనం రొట్టె చేసుకునే గోధుమ కూడా మూడు గడ్డి జాతుల కలయికే. దాన్ని ఎవరూ "అసలైన గోధుమ కాదు" అనరు కదా!

మనిషి, మొక్క ఒకటి కాదు, నాకు తెలుసు. మన హక్కులు చట్టం తేల్చాలి, ఫెర్న్ కాదు. కానీ కలిసి పుట్టింది చెడిపోయిందనే మాటకు సైన్సులో చోటు లేదు. ఆ మాటను మన పిల్లల మీద మనమే వాడుడు బంద్ చేద్దాం.

ఈ వానలకు వాగు దిక్కు పోతే హంసపాదిని చూడండి. పీకకండి, ఫోటో తీయండి. మీ తండాలో, గూడెంలో పెద్దవాళ్లు దాన్ని ఏమంటరో అడిగి, ఆ పేరు మన గ్రూపులో రాయండి.