బొమ్మల పుస్తకం

మా చిన్నవాడు ఇంటర్ సి.ఇ.సి. చదువుతూ, కంప్యూటరు ఆటలు తయారుచేసే చదువు చదువుతానన్నాడు. ఆటలు కూడా చదువేనా అని కోప్పడి, వాడి బొమ్మల పుస్తకం దాచేశాము. వారం రోజులు వాడు మాతో మాట్లాడలేదు.

ఒక రాత్రి ఆ పుస్తకం తెరిచాము. మా గేదె, మా బావి, పొయ్యి దగ్గర వాళ్ల అమ్మ – అంతా మా ఇల్లే! మాకు కళ్లు చెమర్చాయి.

మరునాడు వాళ్ల మాస్టారిని అడిగాము. ఐ.ఐ.టి. బొంబాయి వారు 2015లో మొదలుపెట్టిన యూసీడ్ పరీక్షను ఏ గ్రూపు వారైనా వ్రాయవచ్చునట. అందులో చేతితో బొమ్మ గీయడం కూడా ఉందట. హైదరాబాదు ఐ.ఐ.టి.లో డిజైను సీట్లు దాని మార్కులతోనే ఇస్తారట.

మేమే పక్కన కూర్చుని దరఖాస్తు పెట్టించాము. సీటు సంగతి ఇంకా తెలియదు. బిడ్డ మాత్రం మాతో మాట్లాడుతున్నాడు. తల్లిదండ్రులారా, కాదనే ముందు ఒక్కసారి వారి పుస్తకం తెరిచి చూడండి.